ఐదు నుంచి ఏడు దాకా

ఆ గల్లీలో ఆడవాళ్ళకు పేర్లు లేవు. లాతూరుకు బయల్దేరేటప్పుడు ఇంటి తాళంచెవితో పాటు పేరును కూడా అత్తగారి చేతిలో పెట్టి వచ్చారేమో అనిపిస్తుంది. ఒకావిడ ముక్తా ఆయీ, ఒకావిడ అల్తాఫ్ అమ్మీ, మూలగదిలో ఉండేది ఓంకార్ ఆయీ. పిల్ల పేరు ముందు నడుస్తుంది, తల్లి వెనక నడుస్తుంది. డాక్టరు సీటు కోసం చదివే పిల్లలకు వేళకు ఇంత వండి పెట్టడానికని మొగుణ్ణీ, పొలాన్నీ, పాడినీ వదిలి వచ్చి, ఇరుకు గదులు అద్దెకు పట్టి, ఏడాది పొడుగునా పిల్లల వీపులు చూస్తూ గడిపే తల్లులు వాళ్ళంతా. ఊళ్ళో ఉంటే వానల గురించో సోయాబీన్ ధర గురించో మాట్లాడుకునే మనుషులు, ఇక్కడికొచ్చాక కటాఫ్ గురించి తప్ప ఇంకో మాట ఎత్తరు. నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడ్డప్పుడు కూడా అదే మాట.

శేవంత వాళ్ళలో ఒకతి. నీలంగా అనే ఊరి వైపు పల్లె. మొగుడు భానుదాస్ అక్కడే పొలం చూసుకుంటున్నాడు. కూతురు ముక్తకు ఇది రెండో ప్రయత్నం. మొదటిసారి గట్టుదాకా వచ్చి జారిపోయింది. "ఇంకొక్క ఏడాదే కదా, కళ్ళు మూసుకుంటే అయిపోతుంది" అన్నారందరూ. శేవంత మాత్రం కళ్ళు మూయలేదు. గదిలో దిగిన దగ్గర్నుంచీ కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాసింది.

గదిలో కిటికీ కింద బల్ల, బల్ల ముందు కుర్చీ, కుర్చీకి మూరెడు వెనక మంచం. కుర్చీలో ముక్త, మంచం మీద శేవంత. చేతిలో మెంతికూరో చిక్కుడుకాయలో ఉండేవి, చెవి మాత్రం బల్ల మీద ఉండేది. పేజీ తిరిగిన చప్పుడు వింటే ఆమెకు కడుపు నిండేది. కాసేపు చప్పుడు రాకపోతే చిన్నగా దగ్గేది. అప్పుడు పేజీ తిరిగేది. గణపతి పండక్కి పక్కవీధి కుర్రాళ్ళు పాటలు పెడితే ఒంటికాలి మీద లేచి వెళ్ళి మైకు కట్టేయించి వచ్చింది. సొంత అక్క కూతురి పెళ్ళికి పోలేదు. కూతురి ఫోనును బియ్యం డబ్బాలో పూడ్చింది. తల్లంటే ఇలా ఉండాలి అని గల్లీ అంతా అనుకుంది, ఆమే అనుకుంది. ఆమె ప్రేమలో నలుసంత కల్తీ లేదు. కల్తీ లేని ప్రేమ కాబట్టే అంత బరువుగా పడింది పిల్ల మీద.

పిల్ల జడ సన్నబడింది. జొన్నరొట్టె సగం తుంచి సగం వదిలేసేది. ఏదడిగినా "ఊ" అనేది, లేకపోతే అదీ అనేది కాదు. చదివే పిల్లలు అలాగే ఉంటారులే అని శేవంత సర్దుకుంది. ఇంకో చెంచా నెయ్యి వేసింది పాలలో.

గణపతిని సాగనంపిన తర్వాత బయాలజీ క్లాసులో పరీక్ష పెట్టారు. ముక్త చివరిదాకా కాగితం ముందు కూర్చుని, ఖాళీ కాగితం ఇచ్చి లేచింది. ఏడవలేదు. ఒంట్లో బాగాలేదనీ చెప్పలేదు. బయటికొచ్చాక కుండ దగ్గర నీళ్ళు తాగుతుంటే, ఆ క్లాసు నడిపే టీచరు నలవడే బాయి పక్కన నిలబడి ఆ ప్రశ్నలే ఒక్కొక్కటీ మామూలుగా అడిగింది. ముక్త అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆ సాయంత్రమే శేవంతకు కబురొచ్చింది.

నలవడే బాయి అంటే ఆ వీధుల్లో తల్లిదండ్రులకు హడలు. పొడుగాటి మనిషి, నూలు చీర, కింద పరుగుపందేలవాళ్ళ బూట్లు. వయసులో ఉండగా జిల్లా తరఫున ఖోఖో ఆడింది, ఆ నడకింకా పోలేదు. పెద్ద పెద్ద బోర్డులు పెట్టుకున్న క్లాసుల మధ్య ఆమెది చిన్న క్లాసు. ఎవరినీ బతిమాలి చేర్చుకోదు. సాయంత్రం ఐదింటికి తన చదువుకునే హాలుకు తాళం వేసి, మళ్ళీ ఏడింటికి తీస్తుంది. "ఊరంతా దీపాలు పెట్టి చదివిస్తుంటే ఈమె తలుపులు మూస్తుంది" అని జనం సణిగేవారు. సణుగుతూనే పిల్లల్ని తెచ్చి ఆమె దగ్గరే పడేసేవారు, ఎందుకంటే ఆమె దగ్గర చదివిన పిల్లలకు సీట్లొచ్చేవి. సీట్లు రాని పిల్లలు కూడా ఏళ్ళ తర్వాత ఆమెను వెతుక్కుంటూ వచ్చి కాళ్ళకు దండం పెట్టి పోయేవారు. ఆ రెండో సంగతే ఆమె ఎలాంటి మనిషో చెబుతుంది. సీటు వచ్చినవాడు దండం పెట్టడంలో గొప్పేముంది?

శేవంత చెంగు నిండా కప్పుకుని వెళ్ళి నిలబడింది.

"కూర్చోండి తాయీ. అమ్మాయి రోజూ ఎంతసేపు చదువుతుంది?"

"చీకటితోనే లేపుతాను బాయీ. ఒక్క నిమిషం వృథా పోనివ్వను. టీవీ లేదు, ఫోను లేదు, చుట్టాలు లేరు."

"మరి మీరేం చేస్తుంటారు?"

"నాదేముంది బాయీ. వంట చేసుకోవడం, దాని వెనక కూర్చోవడం."

"వెనకా?"

"మంచం వెనకుంది మరి."

బాయి మాట మార్చినట్టు అడిగింది.

"ఎద్దులున్నాయా మీకు?"

"ఒక జత ఉన్నాయి బాయీ."

"మొన్న పోళా పండక్కి ఏం చేశారు వాటికి?"

శేవంత ముఖం కాస్త విప్పారింది. "కడిగారు బాయీ. కొమ్ములకు రంగేశారు, కుచ్చులు కట్టారు, పూరణపోళీ పెట్టారు. నేను పోలేదు గానీ మా ఆయన చెప్పాడు."

"ఆ రోజు నాగలి కట్టలేదా?"

"అయ్యో, పోళా నాడు ఎద్దు మెడ మీద కాడి పెడతారా బాయీ? పాపం చుట్టుకుంటుంది."

"మరి మీ అమ్మాయికి పోళా ఎప్పుడు తాయీ?"

శేవంతకు అరికాలి మంట నెత్తికెక్కింది. కన్నబిడ్డను ఎద్దుతో పోలుస్తుందా ఈవిడ అని. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది, టీచరు కదా.

బాయి ఆగలేదు. "సాయంత్రం రెండు గంటలు పుస్తకం ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఆడుకోండి, తిరగండి, పడుకోండి, గోడకేసి చూడండి, మీ ఇష్టం అంటాను. హాలుకు తాళం వేస్తాను. వాళ్ళు ఎక్కడికి పోతారు? గదికి పోతారు. గదిలో మీరుంటారు, పాలగ్లాసు పట్టుకుని. తాళం నేను తప్పు గుమ్మానికి వేస్తున్నానని ఈమధ్యే తెలిసింది నాకు. రేపట్నుంచి ఐదింటికి గదిలో అమ్మాయి ఉంటుంది, మీరుండరు. మునిసిపల్ బడి మైదానానికి రండి. మీరొక్కరే కాదు, అందరు తల్లుల్నీ రమ్మన్నాను."

"అక్కడికొచ్చి నేనేం చేయాలి బాయీ?"

"ఖోఖో ఆడాలి."

శేవంత నవ్విందని చెప్పాలని ఉంది గానీ, నవ్వలేదు. "నేను రాకపోతే?" అంది.

"అమ్మాయిని వేరే క్లాసుకు తీసుకుపోండి. తెలివైన పిల్ల. నా కళ్ళ ముందు ఆరిపోతుంటే చూస్తూ కూర్చోలేను."

ఆ చివరి మాట బాయి కోపంగా అనలేదు. అందుకే శేవంతకు అది గుచ్చుకుంది.

మర్నాడు ఐదింటికి మైదానంలో పది పన్నెండు మంది తల్లులు గోడ వారగా నిలబడ్డారు. నిలబడి ఏం చేశారంటే, కటాఫ్ గురించి మాట్లాడుకున్నారు. నలవడే బాయి ముగ్గుపిండితో గీతలు గీసుకుంటూ వచ్చి ఒక్కొక్కరినే పేరడిగింది.

"ముక్తా ఆయీ" అంది శేవంత.

"అమ్మాయి పేరు నాకు తెలుసు. మీది?"

"శేవంత." చాలాకాలంగా వాడని గిన్నె అటక మీంచి దించినట్టనిపించింది ఆ పేరు ఆమెకే.

"అల్తాఫ్ అమ్మీ" పేరు పర్వీన్. ఉద్గీర్ నుంచి వచ్చింది, మొగుడికి దర్జీ కొట్టు. నోరు విప్పితే పదిమందిని నవ్వించగల మనిషి, ఇన్నాళ్ళూ పిల్లాడి చదువు చెడుతుందని గదిలో గుసగుసగా బతుకుతోంది. చీర కుచ్చిళ్ళు దోపుతూ, "నా ఒళ్ళు పరిగెత్తితే లాతూరుకు మళ్ళీ భూకంపం వచ్చిందనుకుంటారు తాయీ" అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. నవ్వి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకున్నారు.

శేవంతకు ఖోఖో కొత్త కాదు. తొమ్మిదో తరగతి దాకా బడిలో ఆడింది, తర్వాత పెళ్ళయింది. వరసలో ఒకళ్ళు ఇటు, ఒకళ్ళు అటు తిరిగి కూర్చోవాలి. తరిమే మనిషి వెనక నుంచి వచ్చి వీపు మీద తట్టి "ఖో" అంటే లేచి తరమాలి, తరిమినవాళ్ళు ఆ చోట్లో కూర్చోవాలి. ఖో పడందే లేవకూడదు. ఆటంతా ఇంతే. అంత చిన్న సంగతి ఆ రోజు శేవంత వల్ల కాలేదు. పర్వీన్ ఆయాసపడుతూ పరిగెడుతుంటే చూడలేక, ఎవరూ తట్టకుండానే లేచింది. ఈల మోగింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది.

"ఎందుకు లేస్తున్నావు?" బాయి అడిగింది. ఆట మొదలయ్యాక ఆమెకు మీరూ గీరూ లేవు.

"ఆవిడ వల్ల కావట్లేదు బాయీ."

"అది ఆవిడ పరుగు. నీ చెయ్యి కావాల్సి వస్తే ఆవిడే వచ్చి తడుతుంది. అంతదాకా నీ పని కూర్చోవడం. ఊరికే కాదు, సిద్ధంగా కూర్చోవడం."

"తాయి కింద ముల్లుందేమో చూడండి బాయీ" అని అరిచింది పర్వీన్, ఆయాసం మధ్యలోనే.

ఆ రాత్రి కాళ్ళు పట్టేశాయి. శేవంత పంటి బిగువున రొట్టెలు కాల్చింది. "సాయంత్రం ఏం చేశావు తల్లీ?" అని అడిగింది. "ఏం లేదు" అంది ముక్త. మర్నాడూ అడిగింది. మర్నాడూ అదే జవాబు. ఆ "ఏం లేదు" శేవంత చెవిలో జోరీగలా తిరిగింది. ఓంకార్ ఆయీ మాత్రం రోజూ మైదానానికి వస్తూనే, "మావాడు ఆ రెండు గంటల్లో రెండు పాఠాలు లాగేస్తాడు, బాయికి చెప్పకండి" అని చెవిలో ఊదేది. మరి ముక్త ఏం చేస్తున్నట్టు? బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకునేది శేవంత. ఫోను ఉన్నచోటే ఉంది.

దసరా వెళ్ళింది, దీపావళి వచ్చింది. ఒంటికి పాత సంగతులన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. స్తంభం దగ్గర ఒంగి మలుపు తిరగడం వచ్చింది, దొరకబోయిన మనిషిని దుమికి ముట్టుకోవడం వచ్చింది. ఒకరోజు అలా దుమికి మట్టిలో బోర్లా పడి, లేచి, చీర దులుపుకుంటూ పగలబడి నవ్వింది. నవ్వాక భయమేసింది. కూతురి బతుకు అక్కడ త్రాసులో ఊగుతుంటే తల్లి ఇక్కడ దుమ్ములో దొర్లుతోందేమిటని. ఆ భయంతోనే తర్వాతి రోజు ఆట మధ్యలో కడుపునొప్పని చెప్పి మైదానం దాటింది. బాయి ఆపలేదు, చూసింది అంతే.

గది తలుపు చేరవేసి ఉంది. శేవంత చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, చప్పుడు కాకుండా తోసింది.

ముక్త నేల మీద పడుకుని ఉంది. చాప కూడా లేదు. ఒక చెయ్యి తల కింద, నోరు కొంచెం తెరుచుకుని, పసిపిల్లల మల్లే నిద్రపోతోంది. బల్ల మీద పుస్తకం మూసి ఉంది. బయట గల్లీలో అప్పుడే దేవుడి గూళ్ళలో దీపాలు వెలిగిస్తున్నారు.

శేవంతకు మొదట కనపడింది పిల్ల కాదు, వేళ. దీపాలు పెట్టేవేళ నిద్ర. లక్ష్మి గుమ్మం ముందుకొచ్చే సమయానికి ఇంట్లో పడుకున్నవాళ్ళను దాటుకుని వెళ్ళిపోతుందని అత్తగారు ఒంట్లో జ్వరమున్నా లేపి కూర్చోబెట్టేది. రెండోసారి రాస్తున్న పిల్ల, ఇంటిల్లిపాదీ ప్రాణాలు ఉగ్గబట్టుకున్న పిల్ల, ఈ వేళప్పుడు ఇలా.

"లే. లేవవే. దీపాలు పెట్టేవేళ పడకేమిటి? మీ నాన్న అక్కడ ఒంటిచేత్తో పొలం చేసుకుని కాల్చుకు తింటుంటే, నువ్విక్కడ కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నావా? ఇందుకా ఆ బాయి నన్ను రోజూ బయటికి తోలింది?"

ముక్త ఉలిక్కిపడి లేచింది. వెళ్ళి కుర్చీలో కూర్చుంది, పుస్తకం తెరిచింది, ఒక పేజీ తిప్పింది. కాసేపాగి ఇంకో పేజీ తిప్పింది. వెంటనే ఇంకొకటి. అంత తొందరగా ఎవరూ చదవరు.

"ఏం చేస్తున్నావు?"

"నీకోసం తిప్పుతున్నాను ఆయీ."

శేవంతకు అర్థం కాలేదు.

"రోజూ తిప్పుతాను. నువ్వు దగ్గుతావు కదా, అప్పుడు తిప్పుతాను." ముక్త ఇటు తిరగలేదు, కిటికీతో మాట్లాడుతున్నట్టు చెబుతోంది. "నువ్వు ఉంటే నాకు నిద్ర రాదు."

"రాత్రంతా పడుకుంటున్నావుగా."

"కళ్ళు మూసుకుంటున్నాను. నేను పక్కకు ఒత్తిగిలితే నువ్వు లేస్తావు. లేచి, 'చదువుతావా తల్లీ, టీ పెట్టనా' అంటావు. అందుకని ఒత్తిగిలను. కదలకుండా పడుకుంటే అలాగే తెల్లారిపోతుంది. చదివిందంతా తలలోనే ఉంటుంది ఆయీ, కాగితం ముందు కూర్చుంటే ఒక్కటీ బయటికి రాదు. ఈ రెండు గంటలే నేను పడుకునేది."

"ఎప్పట్నుంచి?"

"రిజల్టు వచ్చిన దగ్గర్నుంచి."

శేవంతకు ఇక తిట్టడానికి లేదు, దగ్గరికి తీసుకోవడానికి చెయ్యి రాలేదు. తను దగ్గరికొస్తేనే కదా పిల్లకు నిద్ర ఎగిరిపోతోంది. అలాగే వెనక్కి నడిచి గుమ్మం దాటి, తలుపు చేరవేసి, చెప్పులు వేసుకోకుండా మైదానం దాకా వచ్చేసింది.

ఆడవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. నలవడే బాయి ఒక్కతే స్తంభాలు పీకి గోడకు చేరవేస్తోంది. శేవంత వెళ్ళి రెండో స్తంభం అందుకుంది, అందుకుని, దాన్ని పట్టుకునే ఏడ్చింది. చెప్పవలసిందంతా ఏడుపులోనే చెప్పింది.

"తెలుసు" అంది బాయి. "ఖాళీ కాగితం ఇచ్చిన రోజే అమ్మాయి నాతో చెప్పింది."

"నాకు చెప్పొచ్చుగా బాయీ మీరైనా."

"చెబితే ఏం చేసేదానివి?"

శేవంత ముక్కు చీదుకుని నిజాయితీగా ఆలోచించింది. "సరిగ్గా నిద్రపోతోందో లేదో చూస్తూ కూర్చునేదాన్ని."

బాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమెను చూసి శేవంతకూ నవ్వొచ్చింది, ఏడుపు ఇంకా పూర్తికాకుండానే. అప్పుడు తెలిసింది ఆమెకు, ఇన్నాళ్ళుగా ఈ గీతలు, ఈ ఈలలు, ఈ తిట్లు అన్నీ దేనికో. ఖోఖో జట్టును తయారుచేయడానికి కాదు. ఓ పన్నెండు గదుల్లో పన్నెండు మంది పిల్లలు రెండు గంటలు ఎవరూ చూడకుండా బతకడానికి. రోజంతా పాఠాలు చెప్పి గొంతు పోయిన మనిషి, ఇంటికి పోయి కాళ్ళు చాపుకోవలసిన వేళకు వీళ్ళందర్నీ మైదానంలో పరిగెత్తించింది. వీళ్ళ సణుగుళ్ళు విన్నది. ఎవరికీ ఒక్క ముక్క చెప్పుకోలేదు. అలాంటివాళ్ళు పది ఊళ్ళకొకరు ఉన్నా చాలు, పిల్లలు బతికి బట్టకడతారు.

"మిగతావాళ్ళు ఏం చేస్తారు బాయీ ఆ రెండు గంటలూ?"

"తెలీదు. నేను అడగను. అడిగితే అదీ పరీక్షే అవుతుంది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యొద్దు. అదే అన్నిటికన్నా కష్టం. రేపు ఐదింటికి రా. చెప్పులు వేసుకుని రా."

నిజంగానే కష్టమైంది. శేవంత తన మంచాన్ని వంటచేసే మూలకు జరిపి మధ్యలో పాతచీర తెర కట్టింది. దగ్గు నిజంగా వచ్చినా కొంగు నోట్లో కుక్కుకునేది. తెల్లవారుజామున లేపడం మానేసింది. మార్కులు అడగకూడదని ఒట్టు పెట్టుకుంది, పెట్టుకుని ఆ ఒట్టు కక్కలేక మింగలేక అవస్థపడింది. ముక్త క్లాసు నుంచి వస్తుంటే ముఖం చూడకుండా ఉండటానికి కూరగాయలు కడిగినవే మళ్ళీ కడిగేది. పర్వీన్ ఆ సంగతి కనిపెట్టి, "మీ ఇంట్లో వంకాయలకు ఎంత శుభ్రం తాయీ, హజ్ చేసి వచ్చినట్టుంటాయి" అనేది. ఊరి నుంచి భానుదాస్ ఫోను చేశాడు. "నువ్వు ఖోఖో ఆడుతున్నావటగా, చావడి దగ్గర నవ్వుతున్నారు" అన్నాడు. "ఆడుతున్నాను. దుమికి పట్టుకుంటున్నాను కూడా. వాళ్ళనే వచ్చి తప్పించుకోమను" అంది శేవంత. భానుదాస్ ఫోను పెట్టేసే ముందు, "పిల్ల ఎలా చదువుతోంది" అని అడిగాడు. "పడుకుంటోంది" అంది ఆమె.

పిల్ల ఒక్కసారిగా ఏమీ మారిపోలేదు. ముందు రొట్టె పూర్తిగా తింది. తర్వాత ఒకనాడు పచ్చిమిరప ఠేచా నూరి పెట్టమని అడిగింది. పరీక్ష కాగితాలు సగం నిండాయి, ముప్పాతిక నిండాయి. సంక్రాంతి తర్వాత ఒకరోజు మళ్ళీ మొదటికొచ్చింది. ముక్త వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇవాళ మళ్ళీ పోయింది ఆయీ, ఏమీ రాయలేదు" అంది. అడక్కుండా తనంతట తాను చెప్పడం అదే మొదటిసారి. శేవంత నోట్లోకి ఎన్ని మాటలొచ్చాయో ఆ దేవుడికే తెలియాలి. అన్నీ మింగి, "రొట్టె వేడిగా ఉంది, కూర్చో" అంది. ముక్త కూర్చుంది. తింటూ తింటూ క్లాసులో ఎవరో కప్ప బొమ్మకు మీసాలు గీసిన కథ చెప్పింది. కప్పకు మీసాలన్నది అంత నవ్వొచ్చే సంగతేమీ కాదు. శేవంతకు మాత్రం ఆ రోజు పరీక్ష పోయిందన్న బాధ కంటే, పిల్ల గొంతు గదిలో వినపడిందన్న సంతోషమే పెద్దదైంది. ఆ సంతోషాన్ని ఆమె దాచుకోలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఠేచా ఘాటు" అంది.

మే నెల వచ్చింది. ఎండకు గది పెనంలా కాలుతోంది. తెల్లవారితే పరీక్ష. ఈ ఒక్కరోజూ పుస్తకాలు కట్టి అటక మీద పెట్టమని నలవడే బాయి అందరికీ చెప్పింది. చెప్పింది గానీ, ఇన్నాళ్ళూ మైదానానికొచ్చిన తల్లుల్లో సగం మంది ఆ రోజు గడప దాటలేదు. ఓంకార్ గదిలోంచి పొద్దుట్నుంచీ ఏదో వల్లెవేస్తున్న గొంతు వినపడుతూనే ఉంది. ఆ గొంతు విన్నప్పుడల్లా శేవంత చేతులు అటక వైపు పోయాయి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చూసుకోమంటే తప్పేముంది? కుడితిలో పడ్డ ఎలుకలా గదిలో గిరగిరా తిరిగింది. చివరికి తన మీద తనకే నమ్మకం లేక, ఐదు కాకముందే కుచ్చిళ్ళు దోపుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. ఈ గదిలోంచి తాను పోతే పిల్ల ఇంత నిద్రపోతుంది. తాను ఇవ్వగలిగింది ఇప్పుడు అదొక్కటే.

"ఆయీ" అంది ముక్త. "ఇవాళ వెళ్ళకు."

శేవంత గుమ్మంలో ఆగింది. "పుస్తకాలు దించనా?" అని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎందుకు?" అంది, దాని బదులు.

"ఊరికే. ఇక్కడే ఉండు."

ముక్త బండల మీద నీళ్ళు చల్లి, తుడిచి, ఆ చల్లదనంలో ఒట్టి నేల మీదే పడుకుంది. పంఖా కిర్రుమంటోంది. శేవంతకు ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. కుర్చీలో కూర్చుంటే చూస్తున్నట్టుంటుంది. మంచం మీద కూర్చున్నా అంతే. చివరికి గోడకు తల ఆనించి, కూతురి వైపు చూడకుండా, ముక్త తలకు జానెడు దూరంలో నేల మీదే చతికిలబడింది. గట్టిగా ఊపిరి తీయడానికి కూడా భయమేసింది. చెవులు మాత్రం ఆమె మాట వినలేదు, కూతురి ఊపిరినే పట్టుకున్నాయి. కాసేపటికి ముక్త ఒత్తిగిలింది. శేవంత కదలలేదు. ఇంకాసేపటికి ఆ ఊపిరి నెమ్మదించి, బరువెక్కి, సాగింది.

పిల్ల నిద్రపోయింది. తను గదిలో ఉండగా నిద్రపోయింది.

సీటు వచ్చినా రాకపోయినా ఇంతకంటే పెద్ద మాట నాకెవరూ చెప్పలేరు అనుకుంది శేవంత. కళ్ళు నిండాయి, తుడుచుకుంటే గాజులు చప్పుడవుతాయని తుడుచుకోలేదు. బయట పర్వీన్ వచ్చి "తాయీ" అని పిలవబోయి, తలుపు సందులోంచి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మునివేళ్ళ మీద వెళ్ళిపోయింది. శేవంత వెనక్కి వాలింది. బండ చల్లగా తగిలింది. ఒక్క క్షణం అనుకుంది.

కళ్ళు తెరిచేసరికి గదిలో దీపం వెలుగుతోంది. తల కింద ఎవరో మడిచిన చీర పెట్టారు. పోపు వాసన వస్తోంది. ముక్త పొయ్యి ముందు నిలబడి శనగపిండి కూర పిఠ్లా కలుపుతోంది, చెంపకు పిండి అంటింది.

"అయ్యో, పొద్దుపోయిందా? లేపలేదేం?"

"లేపుదామనే అనుకున్నాను. దీపాలు పెట్టేవేళ పడకేమిటని తిట్టాలనీ అనుకున్నాను. గుర్రు పెడుతున్నావు, జాలేసింది. ఎన్నాళ్ళయింది ఆయీ నువ్వు పడుకుని?"

శేవంత లెక్క చూసుకోబోయి మానేసింది. లేవబోతే ముక్త భుజం పట్టి కూర్చోబెట్టి పళ్ళెం ముందు పెట్టింది. రొట్టెలు ఒకటి వంకర, ఒకటి మాడు. పిఠ్లా బాగా పొగలు కక్కుతోంది. శేవంత ముక్క తుంచి, అద్దుకుని, నోట్లో పెట్టుకుంది. ఉప్పు కషాయం. నాలుక చుర్రుమంది.

ముక్త గరిటె పట్టుకుని అలాగే నిలబడి తల్లి ముఖంలోకి చూస్తోంది.

"ఎలా ఉంది ఆయీ?"

"ఇంకొంచెం పెట్టు" అంది శేవంత.